యుద్ధం చూసిన పిల్లలతో బొమ్మలు వేయించడం: ఒక డ్రాయింగ్ టీచరు గారికి జవాబు

టీచర్ గారూ, మీ ప్రశ్న ఇంకా చాలామందికి పనికొచ్చేది కాబట్టి ముందు దాన్ని క్లుప్తంగా చెప్పి మొదలుపెడతాను. మీరు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ చెబుతారు. మయన్మార్‌లో హింస నుంచి పారిపోయి వచ్చి బాలాపూర్ వైపు గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా కుటుంబాల పిల్లలకి శనివారాలు బొమ్మలు వేయించమని ఒక స్వచ్ఛంద సంస్థ మిమ్మల్ని అడిగింది. గోడకి ‘ఆర్ట్ థెరపీ’, అంటే బొమ్మల ద్వారా మానసిక చికిత్స, అని బ్యానర్ కూడా కట్టేశారు. థెరపీ రాని మీరు ఈ పని చేయొచ్చా? పిల్లలు చూసిన హింసని గీయమని అడగాలా? పన్నెండేళ్ల ఒక అబ్బాయి వారం వారం కాలుతున్న ఇళ్లు, నది, పడవ తప్ప ఇంకేమీ వేయడం లేదు, దానికి అర్థమేమిటి? సంస్థవాళ్లు ఆ బొమ్మలతో ఎగ్జిబిషన్ పెట్టి విరాళాలు సేకరిస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా? ఇవీ మీ సందేహాలు.

చేయొచ్చు. బ్యానర్ మాత్రం తీయించండి. నేను ఆర్ట్ థెరపీ బ్రిటన్‌లో చదువుకుని అక్కడే శరణార్థి పిల్లలతో ఏళ్ల తరబడి పనిచేశాను. అక్కడ రిజిస్టర్ కాకుండా ఆర్ట్ థెరపిస్టునని చెప్పుకుంటే చట్టం ఒప్పుకోదు. నేను ఇక్కడ ఆ చట్టం గురించి పట్టుబట్టడం లేదు. నా భయం వేరు. ఆ బ్యానర్ చూసిన తల్లి తన బిడ్డకి వైద్యం జరుగుతోందనుకుంటుంది. నిజంగా డాక్టరుకి చూపించాల్సిన పిల్లాణ్ణి కూడా మీ చాప మీదే కూర్చోబెట్టి నిశ్చింతగా ఉంటుంది. ‘శనివారం బొమ్మల క్లాసు’ అని రాయించండి, చాలు.

హింసని గీయమని మాత్రం అడగొద్దు. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా మీ టీచరు అనుభవమే చూసుకుంటుంది.

మనలో ఒక నమ్మకం గట్టిగా ఉంది: బాధ లోపలే పెట్టుకుంటే మంచిది కాదు, కక్కేస్తే తేలికవుతుంది అని. అందుకే శిబిరాలకి వచ్చే వాలంటీర్లు మొదటిరోజే తెల్లకాగితాలు పంచి “మీ ఊళ్లో ఏం జరిగిందో వేయండి” అంటారు. ఘోరం జరిగిన కొత్తలో మనుషుల్ని కూర్చోబెట్టి జరిగిందంతా ఒక్క విడతలో చెప్పించే పద్ధతి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. శిక్షణ ఉన్నవాళ్లు చేసే ట్రామా (ఘోరాలు మనసుకి చేసే గాయం) చికిత్సల్లో జ్ఞాపకాల్లోకి వెళ్లడం ఉంటుంది, నిజమే. కానీ ఎంతవరకు వెళ్లాలో, ఎప్పుడు వెనక్కి తీసుకురావాలో వాళ్లకి తెలుసు. పిల్లవాడొక్కడే ఎదురుగా ఉంటాడు. మీ దగ్గర పదిహేను మంది పక్కపక్కన కూర్చుంటారు. ఒకడు తన ఇంటిమీద దాడిని గీస్తుంటే పక్కవాడు తొంగిచూస్తాడు, వాడికి తన సంగతి గుర్తొస్తుంది, ఒంటిగంటకల్లా అందరూ లేచి వెళ్లిపోవాలి. ఆ రాత్రి వాడు నిద్రలో కేకపెట్టి లేస్తే పక్కన ఉండేది మీరు కాదు, సంస్థవాళ్లూ కాదు.

మరి అడక్కుండా ఏం చేయాలంటే, ఈ రంగంలో అందరికీ పెద్దదిక్కు లాంటి ఒకావిడ ఏం చేసిందో చెబుతాను. ఫ్రీడల్ డికర్-బ్రాండైస్. 1898లో వియన్నాలో పుట్టిన యూదు చిత్రకారిణి. జర్మనీలోని బౌహౌస్ అనే పేరున్న కళాశాలలో యోహాన్నెస్ ఇట్టెన్ దగ్గర చదువుకుంది. 1942 డిసెంబరులో నాజీలు ఆమెనీ భర్తనీ ప్రాగ్‌కి ఉత్తరాన, యూదుల్ని నిర్బంధించి ఉంచిన తెరెజీన్ ఘెట్టోకి తరలించారు. వెంట తీసుకెళ్లనిచ్చిన కొద్దిపాటి సామానులో ఆవిడ బొమ్మల సరంజామా పెట్టుకుంది. అక్కడ పిల్లలకి చదువు చెప్పడం నిషేధం. బొమ్మలూ పాటలూ కాలక్షేపం కింద లెక్క కాబట్టి వాటిని చూసీచూడనట్టు వదిలేసేవారు. ఆ సందులోంచే ఆవిడ పని సాగింది.

ఆ పిల్లల చుట్టూ ఆకలి, జబ్బులు, చావులు. చావు శిబిరాలకి వెళ్లే రైలు జాబితాలోకి ఎప్పుడు ఎవరి పేరు ఎక్కుతుందో తెలియదు. ఆవిడ మాత్రం వాళ్లతో ఘెట్టోని గీయించే పని పెట్టుకోలేదు. తను బౌహౌస్‌లో నేర్చుకున్న లయ అభ్యాసాలు చేయించింది: చేతిని ఒక తాళానికి కదిలిస్తూ కాగితం మీద గీతలు సాగనివ్వడం. పాత మహాచిత్రకారుల బొమ్మల నకళ్లు చూపించి, వాటిలోని ఆకారాలని చింపిన కాగితం ముక్కలతో అతికించమంది. కొత్త కాగితం దొరకదు కాబట్టి పాత ఆఫీసు ఫారాలే గతి. కొన్ని కొలాజ్‌లలో ఒక పువ్వు కింద నుంచో, కొండ అంచు నుంచో అచ్చుగళ్లు, గీతల వరసలు ఇంకా కనిపిస్తుంటాయి. పూలకుండీలు, కిటికీలు, కొండలు, ఇంట్లో భోజనాల బల్ల, ఇలాంటివే ఎక్కువ. ఘెట్టో జీవితం గీసిన బొమ్మలూ ఉన్నాయి: మూడంతస్తుల పడక మంచాలు, రొట్టె పంచుతున్న వరస. అవి పిల్లలు తమంతట తాము ఎంచుకుని వేసినవి. ప్రతి కాగితం మీదా పేరు రాయమనేది. మనుషులు రవాణా నంబర్లుగా మారిపోయిన చోట అది చిన్న విషయం కాదు.

1944 అక్టోబరులో ఆవిణ్ణి ఆష్విట్జ్ మరణ శిబిరానికి పంపించి చంపేశారు. వెళ్లేముందు పిల్లల బొమ్మల్ని రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టింది. దాదాపు 4,500 బొమ్మలు యుద్ధం అయ్యాక ప్రాగ్‌లోని యూదు మ్యూజియానికి చేరాయి. ఆ పేర్లు వేసిన పిల్లల్లో చాలామంది బతకలేదు. అందుకే తెరెజీన్‌ని ‘కళతో కోలుకున్న కథ’గా చెప్పేవాళ్లని చూస్తే నాకు చిరాకు. వాళ్లలో ఎక్కువమందికి కోలుకునే అవకాశమే రాలేదు. ఆవిడ చేసింది, ఉన్న ఆ కాసేపట్లో పిల్లల్ని పిల్లలుగా, నేర్చుకునేవాళ్లుగా చూడటం. ఆ పద్ధతి మాత్రం బతికింది. ఆవిడ దగ్గర చదువుకుని, ప్రాగ్‌లో నాజీల నుంచి పారిపోయి వచ్చిన శరణార్థి పిల్లల క్లాసుల్లో ఆవిడకి సాయపడ్డ ఈడిత్ క్రేమర్ 1938లో న్యూయార్క్ వెళ్లిపోయింది. తర్వాత అమెరికాలో ఆర్ట్ థెరపీకి పునాది వేసినవాళ్లలో ఒకరయింది. బొమ్మకి అర్థం విప్పి చెప్పడం కన్నా, బొమ్మని చక్కగా పూర్తిచేసేలా పిల్లవాడికి తోడుండటంలోనే మేలు ఎక్కువ ఉందని ఆవిడ వాదన. డ్రాయింగ్ టీచరుగా మీకు ఇది శుభవార్త. మీకు వచ్చిన పనే అసలు పని.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను. బాగా బెదిరిన పిల్లల ఒళ్లు ఇంకా ప్రమాదంలోనే ఉన్నట్టు నడుచుకుంటుంది. తలుపు చప్పుడైతే ఉలికిపాటు, వెనక ఎవరైనా నిలబడితే చేయి ఆగిపోవడం, చిన్నమాటకే కొట్లాట, లేదా పిలిచినా పలకనంత మొద్దుతనం. అలాంటి పిల్లకి ముందు కావాల్సింది ‘ఇక్కడ ఏం జరుగుతుందో నాకు ముందే తెలుసు’ అన్న భరోసా. అదే చాప, అదే చోటు, అదే టైము. మొదలుపెట్టేటప్పుడు అదే పాట. ముగించడానికి పది నిమిషాల ముందు చెప్పడం. మీరు రాలేని వారం ముందే చెప్పి వెళ్లడం. ప్రతి పిల్లకీ పేరు రాసిన ఒక అట్ట ఫోల్డరు, పోయినవారం బొమ్మ ఈవారం అందులోనే దొరకాలి. ఊరూ ఇల్లూ వదిలేసి వచ్చిన పిల్లలకి, పెట్టినచోట పెట్టినట్టు ఒక వస్తువు దొరకడమంటే ఎంత నమ్మకమో మీరు కొన్ని వారాల్లోనే చూస్తారు. వాలంటీర్లు వారానికొకరు మారిపోతుంటే మాత్రం ఎంత ఖరీదైన రంగులు తెచ్చినా ప్రయోజనం లేదు.

సామాను ఎంపిక మీరనుకున్నదానికన్నా ముఖ్యం. పోస్టర్ కలర్లు, నీళ్ల రంగులు మొదటే ఇవ్వకండి. తడిరంగు చెయ్యి దాటి పారిపోతుంది, అన్నీ కలిసి బురద రంగవుతుంది, అదుపు తప్పడమంటేనే భయం ఉన్న పిల్ల అక్కడ బిగుసుకుపోతుంది. మొదట పెన్సిలు, స్కెచ్ పెన్నులు, క్రేయాన్స్, తర్వాత ఆయిల్ పాస్టెల్స్. కాగితం చుట్టూ మాస్కింగ్ టేపుతో అంచు కట్టి ఇస్తే కొందరు పిల్లలు వెంటనే స్థిమితపడతారు, గీత ఎక్కడ ఆగుతుందో తెలుస్తుంది కాబట్టి. ‘నాకు బొమ్మలు రావు’ అనేవాళ్లకి పాత మ్యాగజీన్ల నుంచి కత్తిరించిన బొమ్మలు ఒక డబ్బాలో పోసి పెట్టండి. వాటిలో తుపాకులు, మంటలు, పోలీసులు లేకుండా ముందే ఏరండి. బంకమట్టి బ్రహ్మాండంగా పనిచేస్తుంది, దాన్ని కొట్టొచ్చు, పిండొచ్చు, మళ్లీ కలిపేయొచ్చు. అయితే పది మంది కన్నా ఎక్కువ ఉన్నరోజు మట్టి తీయకండి, అనుభవం మీద చెబుతున్నాను.

సిరియా నుంచి వచ్చిన ఒక పాప నా దగ్గర రోజూ ఒకే పని చేసేది. ఇల్లు గీసేది, దానిమీద గోధుమరంగు పూస్తూ పూస్తూ కాగితం చిరిగేదాకా ఆగేది కాదు. నేను కారణం అడగలేదు. కాగితం బదులు మందపాటి అట్ట ఇచ్చాను. అట్ట చిరగలేదు. రంగు పొరలు పొరలుగా పేరుకుంది. ఒకరోజు బ్రష్ వెనకవైపుతో ఆ రంగుని గీకడం మొదలెట్టింది, కింద ఇల్లు గీతలు గీతలుగా బయటికి వచ్చింది. కిటికీ వచ్చిందాకా గీకి, “షూఫీ” అంది, చూడు అని. ఆ బొమ్మకి అర్థం ఇదీ అని నేనెవరికీ చెప్పలేను. నేను చేసిందల్లా చిరగని అట్ట ఇవ్వడమే.

అర్థాల మాట వచ్చింది కాబట్టి అది కూడా. నల్లరంగు వాడితే డిప్రెషన్, చేతులు లేకుండా మనిషిని వేస్తే నిస్సహాయత, చెట్టుకి తొర్ర ఉంటే గాయం, ఇలాంటి పట్టికలు వర్క్‌షాపుల్లో పంచుతుంటారు. నమ్మకండి. ఒక గుర్తుకి ఒక అర్థం అని చెప్పే పద్ధతులు పరిశోధనల్లో నిలబడలేదు. బొమ్మ ఎక్స్-రే కాదు. చిన్నపిల్లలు మామూలుగానే చేతులు మర్చిపోతుంటారు. ఇక నల్లరంగంటారా, చివర్లో వచ్చిన పిల్లకి డబ్బాలో మిగిలేది అదే. “ఇదేంటి?” అని కూడా అడగొద్దు, పరీక్ష పెట్టినట్టుంటుంది. “దీని గురించి చెప్పాలనుందా?” అనండి. లేదంటే “సరే” అని ఊరుకోండి. “అబ్బ, ఎంత బాగుందో!” అని ప్రతిదానికీ పొగడటం కూడా వద్దు. “ఈ నీలం మీద చాలాసేపు పనిచేశావు” లాంటి మాట పిల్లవాడికి తను కనబడుతున్నానని చెబుతుంది. ఆ పిల్లలు చాలావరకు హైదరాబాదీ ఉర్దూ మాట్లాడేస్తారు, మీకు భాష ఇబ్బంది పెద్దగా ఉండదు.

ఇదంతా ఎంతవరకు పనిచేస్తుందని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పాలి. ఆర్ట్ థెరపీ మీద పరిశోధన మేం కోరుకున్నంత బలంగా లేదు. టర్కీలో సిరియా శరణార్థి పిల్లల మీద 2016లో వచ్చిన అధ్యయనంలో ట్రామా లక్షణాలు తగ్గినట్టు కనిపించింది. కానీ పోల్చి చూడటానికి ఆర్ట్ థెరపీ లేని పిల్లల గుంపు అందులో లేదు. కాలంతో తగ్గిందా, బొమ్మలతో తగ్గిందా చెప్పలేం. అమెరికాలో గాయాలతో ఆస్పత్రిలో చేరిన పిల్లల మీద 2001లో వచ్చిన అధ్యయనంలో పోలిక ఉంది, పీటీఎస్‌డీ (ఘోరం తర్వాత వదలకుండా వెంటాడే మానసిక జబ్బు) లక్షణాల్లో రెండు గుంపులకీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి ‘బొమ్మలు వేస్తే ట్రామా పోతుంది’ అన్నవాళ్లని కాస్త అనుమానంగానే చూడండి. నా అభిప్రాయంలో కళ చేసేది దారి వేయడం: కుదురు, నమ్మకం, తోటిపిల్లలతో కలవడం. ముదిరిన పీటీఎస్‌డీకి దాని చికిత్స దానికి కావాలి.

మనకి బాగా దగ్గర్లోనే ఒక ఉదాహరణ ఉంది. శ్రీలంక తూర్పుతీరంలోని బట్టికలోవాలో 1996లో, యుద్ధం నడుస్తుండగానే, బటర్‌ఫ్లై పీస్ గార్డెన్ అని ఒక తోట మొదలైంది. కెనడా కళాకారుడు పాల్ హోగన్, అక్కడి జెస్యూట్ ఫాదర్ పాల్ సత్కునానాయగం కలిసి నిలబెట్టారు. తమిళ పల్లెల నుంచీ ముస్లిం పల్లెల నుంచీ పిల్లల్ని బస్సులో తీసుకొచ్చేవారు. మట్టిపని, రంగులు, కథలు, నాటకం, మొక్కలు, జంతువులు. ఒకరినొకరు చంపుకుంటున్న ఊళ్ల పిల్లలు ఒకే ముద్దలోంచి మట్టి తీసుకోవాలి. నెలల తరబడి అదే పిల్లలు మళ్లీ మళ్లీ రావడం అక్కడి ప్రత్యేకత. ఒక్కరోజు ‘హీలింగ్ వర్క్‌షాపు’కీ దానికీ పోలికే లేదు. మీ సంస్థవాళ్లకి ఏదైనా చూపించి ఒప్పించాలంటే దీన్ని చూపించండి.

ఎగ్జిబిషన్ విషయం. ఇది కొత్త కోరిక కాదు. స్పెయిన్ అంతర్యుద్ధం అప్పుడే, పిల్లల్ని యుద్ధానికి దూరంగా ఉంచిన కాలనీల్లో వాళ్లు వేసిన బొమ్మల్ని అమెరికాలో చూపించి సహాయ నిధులు పోగుచేశారు. 2005లో హ్యూమన్ రైట్స్ వాచ్ అనే మానవ హక్కుల సంస్థ పరిశోధకులు చాద్‌లోని శిబిరాల్లో పెద్దవాళ్లతో మాట్లాడుతూ, పిల్లలు ఊరుకుంటారని క్రేయాన్స్ ఇచ్చారు. సూడాన్‌లోని డార్ఫర్ నుంచి పారిపోయి వచ్చిన పిల్లలు ఎవరూ అడక్కుండానే విమానాలు, గుర్రాల మీద వచ్చిన సాయుధులు, కాలుతున్న గుడిసెలు వేశారు. తర్వాత అలాంటి బొమ్మలు వందల సంఖ్యలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు దాకా వెళ్లాయి. లోకానికి అవి సాక్ష్యం, దాని విలువ దానిది. కానీ సాక్ష్యం సేకరించడం, పిల్లవాడికి తోడుండటం ఒకే మనిషి ఒకే చాప మీద చేయకూడదు. బొమ్మలు గోడకెక్కుతాయని తెలిసిన మరుక్షణం పిల్లలు పెద్దలకి ఏం కావాలో అది వేస్తారు. మంటల బొమ్మ ముందు అందరూ ఆగుతున్నారని, పూలకుండీ ముందు ఆగడం లేదని పన్నెండేళ్లవాడికి ఇట్టే తెలిసిపోతుంది. పైగా మీ పిల్లల సంగతి మరీ సున్నితం. మన దేశం 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. ఆ కుటుంబాలు ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు పట్టుకుని, ఎప్పుడేమవుతుందోనన్న టెన్షన్‌తో బతుకుతున్నాయి. పేరు, ఊరు, ముఖం బయటపడటం వాళ్లకి నిజమైన ముప్పు. వద్దని చెప్పండి. వాట్సాప్ స్టేటస్ కూడా వద్దు. విరాళాలకి చాప ఫొటో, రంగుల డబ్బా ఫొటో చాలు. బొమ్మ పిల్లది, ఇంటికి తీసుకెళ్తానంటే ఇచ్చేయండి.

ఆ టెన్షన్ గురించే ఇంకో మాట. రెండో ప్రపంచయుద్ధంలో లండన్‌లో పిల్లల నర్సరీలు నడిపిన అన్నా ఫ్రాయిడ్ గమనించిన విషయం ఇప్పటికీ నిలబడుతోంది: చిన్నపిల్లల్ని బాంబుల కన్నా తల్లి నుంచి విడిపోవడమే ఎక్కువ కుంగదీసింది. తల్లి స్థిమితంగా ఉంటే పిల్ల కూడా చాలావరకు తట్టుకుంటుంది. మీ క్లాసు జరిగే గంటన్నర బయట తల్లులు కూర్చోవడానికి నీడ, టీ, కబుర్లు చెప్పుకునే వీలు ఏర్పాటు చేయించండి. బడి అడ్మిషన్, రేషను, పని, ఆ కార్డు రెన్యువల్, వీటిలో సంస్థ సాయపడగలిగితే అది మీ రంగులకన్నా ముందు వరసలో ఉండాలి.

ఇప్పుడు ఆ అబ్బాయి. ఊరు కాలడం, నాఫ్ నది, అవతలి ఒడ్డు బంగ్లాదేశ్, అంతవరకు మీరూ ఊహించే ఉంటారు. ఒకే బొమ్మ మళ్లీ మళ్లీ వేయడం దానంతటది చెడ్డ గుర్తు కాదు. చూడాల్సింది అందులో ఏదైనా కదులుతోందా అని. పడవలోకి మనుషులు వచ్చారా? అవతలి ఒడ్డు కనబడుతోందా? ఎవరైనా సాయం చేస్తున్నారా? వేశాక వాడు తేలికపడి ఆడుకోవడానికి వెళ్తున్నాడా? ఇవి జరుగుతుంటే వాడు తన పని తాను చేసుకుంటున్నాడు, మీరు కాగితాలు అందిస్తూ ఉండండి. 1976లో కాలిఫోర్నియాలోని చౌచిలాలో 26 మంది పిల్లల్ని స్కూలు బస్సుతో సహా అపహరించి భూమిలో పాతిన ట్రెయిలర్‌లో దాచారు. బయటపడ్డ ఆ పిల్లల్ని ఏళ్లపాటు గమనించిన సైకియాట్రిస్టు లెనోర్ టెర్ ఇంకో రకం ఆటని వర్ణించింది: కథ మారదు, ముగింపు మారదు, ఆడేకొద్దీ భయం తగ్గకపోగా పెరుగుతుంది. అదే ఆ అబ్బాయి బొమ్మల్లో కనబడితే, గీసేటప్పుడు ఊపిరి బిగబట్టడం, పిలిస్తే వినబడనట్టు ఉండటం, తర్వాత ఎవరినో కొట్టడం, అప్పుడు మెల్లగా పక్కన కూర్చుని చేతికి ఇంకో పని ఇవ్వండి. మట్టి, కత్తెర పని, పెద్ద కాగితం మీద నలుగురూ కలిసి వేసే బొమ్మ. పీడకల చివరని మార్చి గీయించే పద్ధతి ఒకటుంది, నార్వేకి చెందిన చిల్డ్రన్ అండ్ వార్ ఫౌండేషన్ శిక్షణలో నేర్పుతారు, మంచిదే. కానీ శిక్షణ లేకుండా మీరు దాన్ని ప్రయత్నించొద్దు.

ఇంకొకరి సాయం ఎప్పుడు తీసుకోవాలో కూడా చెబుతాను. చచ్చిపోతాననే మాట, తనను తాను గాయపరచుకోవడం, పక్క తడపడం మళ్లీ మొదలవడం, వారాలపాటు నిద్ర లేకపోవడం, బడి పూర్తిగా మానేయడం. వీటిలో ఏది ఉన్నా తల్లిదండ్రులతో మాట్లాడి, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి తీసుకెళ్లే మనిషిని సంస్థ తరఫున ముందే ఖాయం చేసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే మీరేం చేయాలో కూడా అడగొచ్చు. పిల్ల మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటున్నారని అనుమానమొస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

తర్వాతిసారి రాసేటప్పుడు ఆ అబ్బాయి గురించి మూడు సంగతులు కనుక్కుని రాయండి: రాత్రి నిద్ర పడుతోందా, బడికి వెళ్తున్నాడా, ఇంట్లో వాడు ఎక్కువగా ఎవరి దగ్గర ఉంటాడు. బొమ్మ ఫొటో పంపనక్కర్లేదు.